పదికి పది పెట్టమని బతిమాలే సర్వేను నమ్మేదెలా?

వినాయక చవితి నుంచి సంక్రాంతి దాకా నెల్లూరు ట్రంకు రోడ్డులోనో, ఒంగోలు కర్నూలు రోడ్డులోనో మొబైల్ షోరూముల హోర్డింగులు చూస్తూ నడవండి. ఈఎంఐ, క్యాష్‌బ్యాక్, ఉచిత ఇయర్‌బడ్స్‌తో పాటు ఇప్పుడు ఇంకో మాట కూడా కనిపిస్తోంది: ‘వినియోగదారుల సంతృప్తిలో నంబర్ వన్’. పక్కన ఒక నక్షత్రం గుర్తు. ఆ నక్షత్రం సంగతేంటో చూద్దామంటే అడుగున చదవలేనంత చిన్న అక్షరాల్లో, ఇంగ్లిషులో, ఏదో సర్వే పేరు.

ఆ మాట నమ్మి ఇరవై వేలు పెట్టకండి. సర్వే చేసినవాళ్లు అబద్ధం చెప్పారని నేను అనడం లేదు. వాళ్లు అడిగిన ప్రశ్నకు జనం చెప్పిన జవాబు నిజమే కావచ్చు. కానీ ఎవరిని అడిగారు, ఎప్పుడు అడిగారు, అడిగినందుకు ఎవరికి డబ్బులొచ్చాయి అని చూస్తే ఆ అంకె ఫోను గురించి చెప్పేది చాలా తక్కువ.

సర్వీస్ సెంటర్ నుంచే మొదలుపెడదాం. రిపేరైన ఫోను చేతికిస్తూ అక్కడి కుర్రాడు అనే మాట ఫోను వాడేవాళ్లలో చాలామంది వినే ఉంటారు. ‘అన్నా, మీకొక మెసేజ్ వస్తుంది. పదికి పది పెట్టన్నా. ఎనిమిది పెట్టినా మాకు ఉపయోగం లేదు.’ ఆ కుర్రాడు అతిగా చెప్పడం లేదు. ఫ్రెడ్ రైకెల్డ్ అనే మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ 2003లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ఒక పద్ధతి ప్రతిపాదించాడు. దాని పేరు నెట్ ప్రమోటర్ స్కోర్. మా సరుకు గురించి నలుగురికీ చెబుతారా, సున్నా నుంచి పది లోపు మార్కు వేయండి అని అడుగుతారు. తొమ్మిది, పది వేసినవాళ్లు అభిమానుల కింద లెక్క. ఏడు, ఎనిమిది వేసినవాళ్లు ఎటూ కాని బాపతు. ఆరు, అంతకన్నా తక్కువ వేసినవాళ్లందరూ వ్యతిరేకులు. అభిమానుల శాతంలోంచి వ్యతిరేకుల శాతం తీసేస్తే మిగిలేదే స్కోరు. ఇవాళ ప్రపంచమంతటా పెద్ద పెద్ద కంపెనీలు దీన్నే వాడుతున్నాయి.

ఈ కొలత మన దగ్గర ఎలా పనిచేస్తుందో ఆలోచించండి. మనం చదువుకున్న బళ్లలో ముప్పై అయిదు వస్తే పాసు, అరవై వస్తే ఫస్ట్ క్లాసు. దర్శిలో ఒక రిటైర్డ్ మాస్టారు ‘ఫరవాలేదు, బాగానే చేశారు’ అనుకుని ఆరు వేశారనుకోండి. ఆయన దృష్టిలో అది మెప్పు. కంపెనీ లెక్కలో ఆయన శత్రువు. ఇక పక్కన నిలబడి బతిమాలుతున్న కుర్రాడిని చూసి, ‘పాపం, జీతంలో కోస్తారేమో’ అని పది వేసినాయన ఆ కంపెనీ వీరాభిమాని. మొదటాయన అసంతృప్తి పడలేదు, రెండో ఆయనకు సంతృప్తి కలగలేదు. ఇద్దరి మార్కులూ ఆ లెక్కలో వేసి, దశాంశ స్థానం దాకా తేల్చి, గ్రాఫు గీస్తారు. అక్కడ కొలిచింది మన మొహమాటాన్ని. సాటి మనిషి పొట్ట కొట్టకూడదన్న మంచితనాన్ని తీసుకెళ్లి ఒక బ్రాండు ఖాతాలో జమ చేస్తున్నారు. దీనికి నాకు నిజంగా కోపం వస్తుంది.

ఆ మెసేజ్ ఎవరికి వెళ్తుంది? కొన్నప్పుడు బిల్లు మీద రాసిన నంబరుకు. మన ఇళ్లలో ఫోను ఒకరి దగ్గరే ఉండదు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు కొత్తది కొంటాడు. రెండేళ్లకు అది కనిగిరిలో ఉన్న నాన్నకు వస్తుంది. ఆయన వాడి వాడి, బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోయే స్థితికి వచ్చాక అమ్మ చేతికి చేరుతుంది. కొడుకు మార్కు వేసేది కొత్త ఫోనుకు. అమ్మ వాడేది అప్‌డేట్లు ఆగిపోయి, వాట్సాప్ తెరిస్తే నత్తనడక నడిచే ఫోనును. ఆ ఫోను అసలు స్వభావం తెలిసింది ఆమెకే, ఆమెను మాత్రం ఎవరూ అడగరు. ఇంగ్లిషులో లింకు పంపి, ఇరవై ప్రశ్నలకు టిక్కులు పెట్టమనే సర్వే ఆమె దాకా రాదు, వచ్చినా అర్థం కాదు.

సమయం సంగతీ అంతే. డబ్బు పెట్టి కొన్న వస్తువును మనం తేలిగ్గా తప్పుపట్టం. తప్పుపడితే ‘చూసుకోకుండా కొన్నాం’ అని ఒప్పుకోవాలి. మనిషి ఇలా తన నిర్ణయానికి తనే సర్దిచెప్పుకుంటాడని అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లోనే సిద్ధాంతం రాశాడు. ఈఎంఐలు ఇంకా పది ఉండగా, కొత్త ఫోను మెరుపు తగ్గకముందు అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు.

అన్నిటికంటే పెద్ద లోపం, జాబితాలోకే రానివాళ్లది. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల దగ్గర రాత్రంతా నీటికి గాలి ఎక్కించే ఏరియేటర్లు చూసుకుంటూ గడిపేవాళ్ల సంగతి తీసుకోండి. ఉప్పుగాలి, తేమ, తడి చేతులు. ఛార్జింగ్ పిన్ను తుప్పు పడుతుంది. సర్వీస్ సెంటర్లో ఫోను విప్పి, లోపల తడి తగిలితే రంగు మారే చిన్న స్టిక్కర్ ఎర్రబడిందని చూపించి, ‘లిక్విడ్ డ్యామేజ్, వారంటీ వర్తించదు’ అంటారు. బోర్డు మార్చాలంటే చెప్పే రేటు దాదాపు కొత్త ఫోను ధర. ఆ రైతు మాట్లాడకుండా ఫోను తీసుకుని ఊళ్లో రిపేరు షాపుకు పోతాడు. కంపెనీ లెక్కలో ఆ కేసు అక్కడితో ముగిసింది. మరుసటి ఏడు అతను వేరే బ్రాండు కొంటే, ఈ బ్రాండు ‘ప్రస్తుత వినియోగదారుల’ సర్వేలో అతను ఉండడు. కోపంతో వెళ్లిపోయినవాళ్లు వెళ్లిపోగా, మిగిలినవాళ్లను అడిగి సంతృప్తి తొంభై శాతం అంటే దానికి అర్థమేముంది?

లెక్క కట్టే తీరులోనూ ఎన్ని మలుపులు ఉన్నాయో చూపడానికి పాత ఉదాహరణ ఒకటి చాలు. 2013లో వినియోగదారుల సర్వేలు చేసే జేడీ పవర్ సంస్థ అమెరికాలో టాబ్లెట్ల మీద సంతృప్తి సర్వే ఫలితాలు విడుదల చేసింది. వెయ్యికి శాంసంగ్‌కు 835, ఆపిల్‌కు 833. శాంసంగ్ మొదటి స్థానం. తీరా ఆ సంస్థే ఇచ్చిన రేటింగుల పట్టిక చూస్తే పనితీరు, వాడే సౌలభ్యం, డిజైన్, ఫీచర్లు అనే నాలుగు విభాగాల్లో ఆపిలే పైన ఉంది. శాంసంగ్ ముందున్నది ధర అనే ఒక్క విభాగంలో. దానికిచ్చిన వెయిటేజీ 16 శాతం. ఆ 16ను కాస్త తగ్గిస్తే విజేత మారిపోతాడు. పైగా ఈ తరహా అవార్డును ప్రకటనల్లో వేసుకోవాలంటే కంపెనీలు సర్వే సంస్థకు లైసెన్సు రుసుము కట్టాలి. గెలిచినవాడు డబ్బు కడితేనే ఆ గెలుపు హోర్డింగు ఎక్కుతుంది. అందులో దొంగతనం లేదు, అది బహిరంగంగా జరిగే వ్యాపారమే. అయితే దాన్ని వ్యాపారంగానే చూడాలి, తీర్పుగా కాదు.

సర్వేలన్నీ ఒకటే కాదని కొందరంటారు, ఆ మాటలో కొంత నిజం ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టి 1994 నుంచి నడుస్తున్న అమెరికన్ కస్టమర్ శాటిస్ఫాక్షన్ ఇండెక్స్ లాంటివి ఏటా ఒకే పద్ధతిలో, పదుల పరిశ్రమల్లో వందల కంపెనీలను కొలుస్తాయి. ఒక పరిశ్రమ మొత్తం మెరుగవుతోందా దిగజారుతోందా అని తెలుసుకోవడానికి అవి పనికొస్తాయి. కానీ అక్కడ కూడా పెద్ద ఫోన్ల బ్రాండ్ల మధ్య తేడా చాలాసార్లు వందకు కొద్ది పాయింట్లే. ఆ కొద్ది పాయింట్లతో కావలిలో ఒక మనిషి ఏ ఫోను కొనాలో తేల్చుకోలేడు.

జనం సంతృప్తిగా ఉండటానికి ఒక్కోసారి కారణం వాళ్లకు విషయం తెలియకపోవడమే. 2017 డిసెంబరులో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పాత ఐఫోన్లు నెమ్మదించడం చాలామంది గమనించారు, ‘పాతదైంది కదా’ అని సర్దుకున్నారు. ఫోన్ల వేగం కొలిచే సాఫ్ట్‌వేర్ తయారుచేసే ప్రైమేట్ ల్యాబ్స్ వ్యవస్థాపకుడు జాన్ పూల్ వేగపు పరీక్షల లెక్కలు బయటపెట్టాక, బ్యాటరీ పాతబడిన ఫోన్లను సాఫ్ట్‌వేర్ ద్వారా నెమ్మదింపజేస్తున్నామని ఆపిల్ ఒప్పుకుంది. వినియోగదారులకు ఆ సంగతి చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. ఆ నిజాన్ని బయటికి తెచ్చింది కొలత. ‘మీరు సంతృప్తిగా ఉన్నారా’ అన్న ప్రశ్న వంద ఏళ్లు అడిగినా అది బయటపడేది కాదు.

మన దగ్గర ఇంకా స్పష్టమైన ఉదాహరణ ఉంది. 2024లో ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కర్ణాటకలతో పాటు మహారాష్ట్ర, గుజరాత్‌లలోని సుమారు 4,500 దుకాణాల్లో మే 1 నుంచి వన్‌ప్లస్ ఫోన్ల అమ్మకం ఆపేస్తామని దక్షిణాది రిటైలర్ల సంఘం ప్రకటించింది. మార్జిన్లు తక్కువన్నది ఒక కారణం, వారంటీ క్లెయిములు తేల్చడంలో జాప్యమన్నది ఇంకొకటి. అదే కాలంలో అప్‌డేట్ చేశాక స్క్రీను మీద నిలువునా ఆకుపచ్చ గీత పడుతోందని అమోలెడ్ రకం స్క్రీన్లున్న ఫోన్లు కొన్నవాళ్లు గగ్గోలు పెడుతున్నారు. ఆ ఏడాది చివరికి వన్‌ప్లస్ ఇండియాలో ఆ గీతకు జీవితకాల వారంటీ ప్రకటించింది. జబ్బు ముందుగా ఎవరికి తెలిసింది? కౌంటరు దగ్గర నిలబడి కస్టమర్ల తిట్లు తిన్న దుకాణదారులకు, పాడైన స్క్రీన్లు మార్చే రిపేరు కుర్రాళ్లకు. పొదిలిలోనో కందుకూరులోనో ఒక రిపేరు షాపుకు వెళ్లి ఏ మోడల్ మదర్‌బోర్డు ఎక్కువగా పోతోందో అడగండి. తడుముకోకుండా చెబుతాడు.

అంటే లెక్క లేక కాదు, ఉన్న లెక్క మనకు చూపించక. శ్రీసిటీలో 2015 నుంచి, వేరే బ్రాండ్లకు ఫోన్లు చేసిపెట్టే ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఫోన్లు తయారవుతున్నాయి, మన నాయుడుపేట, సూళ్లూరుపేట పక్కనే. వెయ్యి ఫోన్లలో ఎన్ని వెనక్కి వస్తున్నాయి, ఎన్నో నెలలో వస్తున్నాయి, దేనికి వస్తున్నాయి అన్నది ప్రతి బ్రాండుకూ మోడల్ వారీగా తెలుసు. ఆ లెక్క దాచి, సంతృప్తి శాతం మన ముందు పెడుతున్నారు. మన రొయ్యల వ్యాపారం చూడండి. కిలోకు యాభై తూగితే యాభై కౌంట్, వంద తూగితే వంద కౌంట్, దాన్నిబట్టే రేటు. ‘మీ చెరువు మీద మీకెంత సంతృప్తి’ అని కొనేవాడెవడూ అడగడు. ముప్పై వేల ఫోను కొనేవాడికి మాత్రం కౌంట్ చెప్పరు.

ఈ జబ్బు ఫోన్ల కంపెనీలతో ఆగి ఉంటే నేను ఇంత రాసేవాణ్ని కాను. అదే ఫోనుకు ప్రభుత్వం నుంచి కూడా కాల్ వస్తోంది. పింఛను సరిగా అందిందా, రేషను బాగుందా, సంతృప్తిగా ఉంటే ఒకటి నొక్కండి, లేకపోతే రెండు నొక్కండి. 2014–19 మధ్య చంద్రబాబు ప్రభుత్వం ఎనభై శాతం ప్రజా సంతృప్తి అనే మాటను సమీక్షల్లో ఎన్నిసార్లు చెప్పిందో అందరికీ గుర్తుంది. 2019లో ఆ పార్టీకి దక్కినవి 175లో 23 సీట్లు. తర్వాత జగన్ పార్టీ 2023లో ఇంటింటికీ తిరిగి ‘జగనన్నే మా భవిష్యత్తు’ సర్వే చేసి, కోటికి పైగా మిస్డ్ కాల్స్ వచ్చాయని చాటింది. 2024లో వచ్చినవి 11. ఉమ్మడి నెల్లూరు జిల్లాలో 2019లో పదికి పది వైసీపీవి, 2024లో పదికి పది టీడీపీవి. జిల్లా మొత్తం ఇంత నిండుగా తిరగబడుతుంటే సంతృప్తి అంకెల్లో దాని ఆనవాలు ఎందుకు లేదు?

కారణం సర్వీస్ సెంటర్లో చూసినదే. నంబరు వాళ్ల దగ్గర ఉంది, ఆధార్ వాళ్ల దగ్గర ఉంది, కాల్ రికార్డవుతుందేమో అన్న భయం ఉంది. రెండు నొక్కితే పింఛను ఆగిపోతుందేమో అని ఉదయగిరి మెట్టలో ఒక అవ్వ అనుకుంటే ఆమెది తెలివితక్కువతనం కాదు. కింద పనిచేసే ఉద్యోగికీ టెన్షనే, శాతం తగ్గితే పైనుంచి అక్షింతలు. అందుకే పని బాగుచేయడం కంటే అంకె బాగుచేయడం మీద శ్రద్ధ పెరుగుతుంది. కంపెనీ అయినా ప్రభుత్వమైనా, ఫిర్యాదుల రిజిస్టరు మూసి సంతృప్తి మీటరు తెరిచిందంటే వినడం మానేసిందనే నేను అనుకుంటాను. ఇప్పుడు మళ్లీ అదే కాల్స్‌తో అధికారులకు మార్కులు వేస్తున్న ప్రభుత్వానికి ఈ రెండు ఓటములూ చాలవా?

ఫోన్ల విషయంలో మాత్రం దారి కనిపిస్తోంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ వేసిన కమిటీ 2025 మేలో రిపేరబిలిటీ ఇండెక్స్ మీద నివేదిక ఇచ్చింది. ఫోను విప్పడం ఎంత తేలిక, విడిభాగాలు దొరుకుతాయా, ఎంతకు దొరుకుతాయి అన్నది మార్కుల రూపంలో డబ్బా మీద ఉండాలన్నది దాని సారం. ఫ్రాన్స్ 2021లోనే ఇది మొదలుపెట్టింది. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ నుంచి ఫోన్ల మీద బ్యాటరీ మన్నిక, రిపేరు గ్రేడు చూపే లేబుల్ తప్పనిసరి చేసింది. అలాంటి లేబుల్‌కు ఒక్క వరుస కలపాలి: ఏ మోడల్ వారంటీ కాలంలో వందకు ఎన్ని సర్వీస్‌కు వచ్చాయి. కంపెనీలు ఇష్టపడవు, అందుకే చట్టం కావాలి.

ఇప్పుడున్న చట్టంతో కూడా చేయగలిగింది కొంత ఉంది. తప్పుదారి పట్టించే ప్రకటనల నివారణకు 2022లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉంటే దాని వివరణా అదే భాషలో ఉండాలి. తెలుగు హోర్డింగు కింద ఇంగ్లిషు చిన్నక్షరాలు కనిపిస్తే ఫొటో తీసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. సర్వీస్ సెంటర్ నుంచి మెసేజ్ వస్తే, మార్కు పక్కన రాసే చోటు ఉంటుంది. అందులో మోడల్ పేరు, కొన్న తేదీ, వచ్చిన లోపం రాయండి. పది అడిగిన కుర్రాడికి ఎదురుగా సమాధానం చెప్పండి: పనితనం నీది బాగుంది, ఫోను బాగాలేదు, రెండూ వేరుగా రాస్తాను అని. వారంటీ ఎగ్గొడితే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే, నెల్లూరులోనో ఒంగోలులోనో, కేసు వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. ఆ కమిషన్ ఇచ్చే ఉత్తర్వులో కంపెనీ పేరు, మోడల్, లోపం, కంపెనీ చెప్పిన సాకు అన్నీ రాతపూర్వకంగా ఉంటాయి. కొత్త ఫోను కొనేముందు నేను చదివేది అవే.