ఇద్దరు టీచర్లు, ఐదు తరగతులు

వరంగల్ జిల్లా నర్సంపేట వైపు ఊళ్లలో, తండాల్లో ఇద్దరు టీచర్లతో నడిచే ప్రాథమిక పాఠశాలలు కొత్తేమీ కాదు. ఇది నిబంధన తప్పడమూ కాదు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారమే 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు. చట్టం పిల్లల్ని లెక్కపెట్టింది కానీ తరగతుల్ని లెక్కపెట్టలేదు. పైగా ఆ ఇద్దరిలో ఒకరు హెచ్ఎం పని కూడా చూసుకోవాలి.

ఇలాంటి బడిలో తరగతికో పీరియడ్ టైంటేబుల్ గోడకే పరిమితం. నాకు పనికొచ్చింది, పిల్లల్ని చదవగలిగేదాన్ని బట్టి కూర్చోబెట్టడం. అక్షరాలు రానివాళ్లు నా ముందు, కూడబలుక్కునేవాళ్లు కిటికీ పక్కన, గడగడా చదివేవాళ్లు వరండాలో. 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమం ఉద్దేశమూ చదవడం, రాయడం, లెక్కల పునాది గట్టిపడాలనే.

చిక్కల్లా పొద్దుటి గంటతోనే. ప్రార్థన అయ్యీ అవ్వగానే ఫోన్ మోగుతుంది. మధ్యాహ్న భోజనం లెక్క, గ్రూపులో 'అర్జెంట్' అని వచ్చిన ఫార్మాట్, మళ్లీ దానికి సవరణ. పిల్లలు హుషారుగా ఉండేది కూడా అప్పుడే. మొదటి రెండేళ్లు ఆ గంటను ఫోన్‌కే ధారపోశాను. తర్వాత తోటి టీచరమ్మా నేనూ ఒక ఒప్పందానికి వచ్చాం: ఈ వారం ఫోన్ పని నాది, వచ్చే వారం ఆమెది. రెండోవాళ్ల ఫోన్ హాజరు పడగానే బీరువాలోకి. లెక్క ఆలస్యమైందని ఒకసారి చీవాట్లు తిన్నాం. అయినా మానలేదు.

తండా పిల్లల సంగతి వేరు. ఇప్పటి పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఇంట్లో మాట్లాడేది లంబాడీ. ఒకటో తరగతి పాప 'నీళ్లు' బొమ్మ చూసి 'పాణి' అంటే తప్పనకూడదు. నాలుగో తరగతి అక్కను పక్కన కూర్చోబెడితే చాలు, అనువాదం ఆమే చూసుకుంటుంది. నాకూ నాలుగు ముక్కలు ఆమే నేర్పింది.

పత్తి ఏరే రోజుల్లో బెంచీలు ఖాళీ అవుతాయి. వారం తర్వాత వచ్చినవాణ్ని నిలబెట్టి తిడితే మర్నాడు కూడా రాడు. పిల్లలు చేనుకు పోవడం సరేనని కాదు, ఆ మాట అమ్మానాన్నలతో మాట్లాడాలి. ఒకసారి అలా వచ్చిన రెండో తరగతి పిల్లాణ్ని "ఎన్ని కిలోలు ఏరినవ్ రా?" అని అడిగాను.

"అమ్మది 30, నాది 8 సార్."

సుద్దముక్క వాడి చేతికే ఇచ్చాను. 38 అని రాసి కూర్చున్నాడు.