ఉప్పునీళ్లకు కలుపేదో గడ్డేదో తేడా ఉండదు

మే వానలు పడి కలుపు లేవగానే బెంగళూరులోని మన తెలుగు అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. ఈ ఏడాది నాకు మూడు గ్రూపుల నుంచి వచ్చింది. సారాంశం ఇది: "లాన్‌లో కలుపుకి కెమికల్స్ వద్దు. లీటరు వెనిగర్‌లో పావుకిలో ఉప్పు, చెంచాడు గిన్నెల సబ్బు కలిపి కొట్టండి. కలుపు చస్తుంది, గడ్డికి ఏమీ కాదు. గడ్డిని వదిలి కలుపునే చంపే సెలెక్టివ్ కలుపుమందు అనేదే మోసం. ఏది కలుపో, ఏది గడ్డో మందుకెలా తెలుస్తుంది? పైగా అది వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్. తప్పదనుకుంటే గ్లైఫోసేట్ సగం డోసులో కొట్టండి, కలుపు ఒక్కటే పోతుంది."

సర్జాపూర్ రోడ్డు వైపు మా అపార్ట్‌మెంట్‌లో తోట పని చూసే కమిటీలో నేనొకడిని. పోయిన ఏడాది ఇదే మెసేజ్ నమ్మి పిల్లల ఊయల దగ్గర లాన్ పాడు చేసుకున్నాం. అందుకే ఒక్కో మాటకీ జవాబు రాస్తున్నాను.

ముందు ఉప్పు లెక్క చూద్దాం. సముద్రపు నీళ్లలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మెసేజ్‌లో చెప్పింది లీటరుకు 250 గ్రాములు, అంటే సముద్రానికి ఏడు రెట్లు. పది లీటర్లు కలిపి కొడితే రెండున్నర కిలోల ఉప్పు మన లాన్ మట్టిలోకి పోతుంది. ఉప్పు కుళ్లేది కాదు, ఆవిరయ్యేది కాదు. మంచినీళ్లు కడిగి కిందికి తీసుకుపోతే తప్ప అక్కడే ఉంటుంది. బంకమట్టి కలిసిన నేలయితే అందులోని సోడియం వల్ల మట్టి బిగుసుకుపోయి నీరు కూడా ఇంకదు. ఇక ఇంట్లో వాడే వెనిగర్‌లో ఆమ్లం సుమారు 5 శాతం. తగిలిన ఆకును కాలుస్తుంది కానీ వేరు దాకా పోదు. సబ్బు చేసే పని ఈ రెండూ ఆకుకి బాగా పట్టేలా చూడటమే. ఈ మూడింట్లో ఏదీ ఇది గడ్డి, ఇది గలిజేరు అని చూసి వదిలిపెట్టేది కాదు.

బెంగళూరులో ఇంకో సమస్య ఉంది. చాలా అపార్ట్‌మెంట్లలో లాన్‌కి పెట్టేది ఎస్‌టీపీ నీళ్లే, అంటే మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు నుంచి వచ్చేవి. శుద్ధి చేసినా వాటిలో కరిగిన లవణాలు మిగిలే ఉంటాయి, నెలల తరబడి అవి నేలలో చేరుతూనే ఉంటాయి. అలాంటి నేల మీద కావాలని ఇంకా ఉప్పు పోయమంటున్నారు.

మా ఊయల దగ్గర ఏం జరిగిందంటే, మూడో రోజుకి లాన్‌లో వేసిన మెక్సికన్ గడ్డి ఎండుగడ్డి రంగుకి వచ్చింది. వెడల్పాకుల కలుపు కూడా మాడింది. గ్రూపులో ఫొటోలు పెట్టి సంబరపడ్డారు. రెండు వారాలకి ఆ ఎండిన చోటు మధ్యలోంచి నిగనిగలాడుతూ నిటారుగా తుంగ లేచింది. మా మాలిది మదనపల్లె వైపు. బొరిగెతో జానెడు లోతు తవ్వి నా అరచేతిలో పెట్టాడు. నల్లటి చిన్న గడ్డలు, దారం లాంటి వేరుతో ఒకదానికొకటి పూసల్లా గుచ్చి ఉన్నాయి. వాసన చూస్తే తుంగముస్తల ఘాటు. "పైన కాలిస్తే దీనికేం సార్, ఇది కింద కూర్చోనుంది" అన్నాడు. ఉప్పు మెసేజ్‌కి ఇంతకంటే మంచి జవాబు నేను వినలేదు.

ఇక అసలు ప్రశ్న: మందుకెలా తెలుస్తుంది? మందుకు తెలియక్కర్లేదు. తేడా మొక్కల్లోనే ఉంది. మన ఊళ్లలో వ్యవసాయం చూసినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు. నాటు వేసిన మూడు, నాలుగు వారాలకు వరిలో 2,4-డి అనే సెలెక్టివ్ కలుపుమందు కొడతారు. వెడల్పాకుల కలుపు పోతుంది, వరి నిలబడుతుంది. వరీ గడ్డి జాతే, మన లాన్‌లోని గరికా గడ్డి జాతే. 2,4-డి మొక్కలో పెరుగుదలను నడిపే ఆక్సిన్ అనే హార్మోన్‌లా నటిస్తుంది. వెడల్పాకు మొక్క అదుపు తప్పి పెరిగి, కాడ మెలికలు తిరిగి, లోపలి నాళాలు మూసుకుపోయి రెండు, మూడు వారాల్లో చస్తుంది. గడ్డి జాతులు ఆ మందును లోపలే విరగ్గొట్టుకుంటాయి. వాటి నాళాల అమరిక వేరు, పెరిగే మొన కూడా ఆకు తొడుగుల మధ్య దాగి ఉంటుంది. 1940ల నుంచి పొలాల్లో రోజూ జరుగుతున్న పనిని మోసం అనడం నాకు బాధగా ఉంటుంది. కూలీలు దొరకని చోట పంటను నిలబెట్టింది ఈ తేడాయే.

అయితే సెలెక్టివ్ అంటే ఏ గడ్డి మీదైనా ఎంతైనా కొట్టొచ్చని కాదు. మందు పేరు కంటే ముందు మీ లాన్‌లో ఉన్న గడ్డి పేరు తెలియాలి. గరిక జాతి బెర్ముడా, నర్సరీల్లో మెక్సికన్, కొరియన్ అని అమ్మే జోయ్‌సియా 2,4-డిని బాగానే తట్టుకుంటాయి. నీడలో వేసే వెడల్పాటి బఫెలో గడ్డి అంత తట్టుకోదు, డోసు కాస్త ఎక్కువైనా దెబ్బతింటుంది. ఇవన్నీ వేడిని ఇష్టపడే గడ్డి జాతులే అయినా మందు విషయంలో ఒకటి కావు.

తర్వాత కలుపును గుర్తుపట్టాలి. కాడను రెండు వేళ్ల మధ్య తిప్పి చూడండి. మూడు అంచులు తగిలితే అది గడ్డి కాదు, తుంగ. దాని మీద 2,4-డి కొట్టి లాభం లేదు, పైన కాస్త వాడి మళ్లీ లేస్తుంది. తుంగకి పనిచేసేది హాలోసల్ఫ్యూరాన్ లాంటి మందు. చెరకు తోటల్లో తుంగకి వాడేది అదే. ఆకు నుంచి కింది గడ్డల దాకా దిగి, మొక్క కొన్ని ఎమినో ఆమ్లాలు తయారుచేసుకోకుండా ఆపుతుంది. నెమ్మదిగా పనిచేస్తుంది కాబట్టి వారంలో ఏమీ కాలేదని మళ్లీ కొట్టేయకూడదు. అలాగని ఒక్కసారితో పోతుందనీ అనుకోవద్దు. నిద్రలో ఉన్న గడ్డలు తర్వాత మొలుస్తాయి. తుంగ మన లాన్‌లోకి ఎక్కువగా ట్రాక్టర్లలో తెప్పించే మట్టితోనే వస్తుంది. పరిచే ముందు ఆ మట్టిని జల్లెడ పట్టించండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

మెక్సికన్ గడ్డిలోకి గరిక పాకితే మాత్రం ఇక్కడి లాన్ యజమానికి తేలికైన మందు లేదు. రెండూ గడ్డే. చేత్తో పీకడమో, ఆ ముక్క కోసి కొత్తది వేయడమో చేయాలి. సెలెక్టివ్ మందుల పరిమితి ఇక్కడ నిజంగానే ఉంది. నాకు తెలిసిన కమిటీల్లో గొడవంతా దీని గురించే.

ఏజెంట్ ఆరెంజ్ మాట భయపెట్టేది కాబట్టి స్పష్టంగా చెప్పాలి. అది వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం అడవుల మీద చల్లిన రెండు కలుపుమందుల మిశ్రమం: 2,4-డి, 2,4,5-టి. తరతరాలను పీడించిన డయాక్సిన్ విషం 2,4,5-టి తయారీలో పుట్టిన కల్తీ. అందులో సగం తనే అయినంత మాత్రాన 2,4-డి ఏజెంట్ ఆరెంజ్ అయిపోదు. అలాగని అది మంచినీళ్లూ కాదు. క్యాన్సర్ పరిశోధనకు సంబంధించిన అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ 2015లో దాన్ని క్యాన్సర్ కారకం కావచ్చు అనే 2బి వర్గంలో పెట్టింది. కాబట్టి కొట్టే మనిషికి గ్లవ్స్, మాస్క్, బూట్లు, నిండు చేతుల చొక్కా ఉండాల్సిందే. పిల్లల్ని, కుక్కల్ని మందు పూర్తిగా ఆరేదాకా రానివ్వకండి. మేము ఒక రోజంతా తాడు కడతాం. కోసిన గడ్డిని కంపోస్టులో వేయం.

2,4-డిలో ఎస్టర్ రకం ఎండకి ఆవిరై గాలిలో పోతుంది. టొమాటో, మిరప, బొప్పాయి దానికి తట్టుకోలేవు. బాల్కనీలో మిరప చిగుళ్లు ముడుచుకుని గిన్నెల్లా వంకర తిరిగితే కింద లాన్‌లో ఏం కొట్టారో అడగండి. అమైన్ సాల్ట్ రకం అంత ఆవిరి కాదు. ఏదైనా సరే ఏప్రిల్ మధ్యాహ్నం 34 డిగ్రీల ఎండలో కొట్టకూడదు, అప్పుడు గడ్డి కూడా మాడుతుంది. గాలి లేని ఉదయం, వాన సూచన లేని రోజు చూసుకోవాలి. ఆ స్ప్రేయర్‌ని కలుపుమందుకే వేరుగా ఉంచాలి.

సగం డోసు గ్లైఫోసేట్ మాట అన్నిటికంటే ప్రమాదం. గ్లైఫోసేట్ ఆపే ఎంజైమ్ గడ్డికీ కలుపుకీ రెండింటికీ ఉంటుంది. సగం కొడితే రెండూ సగం చస్తాయి, ముందు కోలుకునేది కలుపు. అమెరికా వీడియోల్లో చలికాలం బెర్ముడా మీద గ్లైఫోసేట్ కొట్టడం చూసి ఉంటారు. అక్కడ మంచుకి ఆ గడ్డి గోధుమ రంగుకి మారి పూర్తిగా నిద్రపోతుంది, పచ్చగా ఉన్న కలుపు ఒక్కటే మందు తాగుతుంది. బెంగళూరులో జనవరి రాత్రి కూడా సాధారణంగా 15 డిగ్రీల దగ్గరే ఉంటుంది. మన గడ్డి అలా నిద్రపోదు. పైగా గ్లైఫోసేట్‌ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప మరెవరూ కొట్టకూడదని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది.

ఇంకొక్క మాట. మన దుకాణాల్లో దొరికే సెలెక్టివ్ మందులు ఎక్కువగా వరి, గోధుమ, చెరకు లాంటి పంటల పేరు మీద రిజిస్టర్ అయినవి. మెసేజ్ చూసి సీసా కొనకండి. వేరుతో సహా కలుపు మొక్కనీ, గుప్పెడు లాన్ గడ్డినీ కవర్లో వేసుకుని బెంగళూరు జీకేవీకే క్యాంపస్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో చూపించి అడగండి. వాళ్లు సరేనన్నా ముందు ఒక మూల చదరపు మీటరులో కొట్టి రెండు వారాలు చూడండి. పది, పదిహేను మొక్కలే ఉంటే ఏ మందూ వద్దు, వాన పడ్డ మర్నాడు బొరిగెతో తీయించండి.

ఇప్పటికే ఉప్పు పోసేసినవాళ్లు ఎస్‌టీపీ నీళ్లు ఆపి, వారం రోజులు ఆ చోట మంచినీళ్లు నిండా పెట్టండి, కింద నీరు పోయే దారి ఉందో లేదో చూసుకుని. మా దగ్గర అది సరిపోలేదు. పై నాలుగు అంగుళాల మట్టి తీసేసి, జల్లెడ పట్టిన ఎర్రమట్టి నింపి, ఆగస్టులో కొత్త గడ్డి పరిచాం. దీపావళికి గానీ పిల్లలు మళ్లీ ఊయల దగ్గరికి రాలేదు.