గోడ మీద చక్కెర బోర్డు, బల్ల మీద కూల్‌డ్రింకు

బడి గేటు దాటి లోపలికి అడుగుపెడితే ఎదురుగా గోడ మీద రంగుల బోర్డు. పావు లీటరు కూల్‌డ్రింకులో ఆరు చెంచాలకు పైనే చక్కెర ఉంటుందని బొమ్మలు వేసి మరీ చెబుతుంది. పది అడుగులు వేస్తే క్యాంటీన్. కంపెనీ ఇచ్చిన అద్దాల ఫ్రిజ్‌లో, ఆ కంపెనీ పేరు వెలుగులోనే, బోర్డు మీద బొమ్మగా ఉన్న సీసాలు చల్లగా కొలువై ఉంటాయి. పైన చిప్స్ ప్యాకెట్ల దండలు. ఇంటర్వెల్ బెల్లు కొట్టగానే పిల్లలు బోర్డు ముందు నుంచే పరుగెత్తుకెళ్లి వాటిని కొంటారు. కొత్త విద్యా సంవత్సరంలోనూ మన నగరాల్లోని చాలా ప్రైవేటు బడుల్లో ఇదే తంతు.

చక్కెర బోర్డులు పెట్టమని సీబీఎస్‌ఈ తన బడులకు చెప్పింది 2025 మే నెలలో. నాలుగు నుంచి పదేళ్ల పిల్లలకు రోజువారీ శక్తిలో 13 శాతం చక్కెర నుంచే వస్తోందని, అది 5 శాతం దాటకూడదని ఆ సర్క్యులర్ హెచ్చరించింది. మంచిదే. కానీ అంతకంటే ముందు నుంచే అంతకంటే గట్టి నిబంధన ఒకటుంది. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తిండిని బడి క్యాంటీన్‌లో గానీ, హాస్టల్ మెస్‌లో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లోనే నోటిఫై చేసింది. 2021 జులై 1 నుంచి అది అమల్లో ఉంది. ఏ బోర్డు సిలబస్ చెప్పే బడికైనా వర్తిస్తుంది. ఆ సరుకుకు బడి ఆవరణలో ప్రచారం కూడా కూడదు. మరి లోగో వెలిగే ఫ్రిజ్ ప్రచారం కాక మరేమిటి? అమ్మొద్దన్న నిబంధనను అటకెక్కించి, బోర్డు పెట్టమన్న సలహాను మాత్రం మన బడులు తూచా తప్పకుండా పాటించాయి. బోర్డుకు అయ్యేది ఫ్లెక్సీ ఖర్చే కదా.

యాజమాన్యాల జవాబు తెలిసిందే. పిల్లలు గుగ్గిళ్లు ముట్టరు, ప్యాకెట్లయితే పాడుకావు, కాంట్రాక్టరుకు గిట్టుబాటు కావాలి, ఇంట్లో తల్లిదండ్రులే కొనిపెడుతుంటే మమ్మల్ని అంటే ఎలా అని. చివరి మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఇల్లు బోర్డు పెట్టలేదు. బడి పెట్టింది.

ఆ బోర్డు లెక్కనే చూద్దాం. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు రోజుకు దాదాపు 1700 కిలోకేలరీలు కావాలని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అందులో 5 శాతం అంటే 85. చక్కెర గ్రాముకు 4 చొప్పున, రోజు మొత్తానికి 21 గ్రాములు. తలకొట్టిన చిన్న చెంచాతో అయిదు. పావు లీటరు కూల్‌డ్రింకులో ఉండేది 26 గ్రాముల దాకా. పొద్దున పాలలో వేసుకున్నది, సాయంత్రం తినబోయే బిస్కెట్లు పక్కన పెట్టినా ఒక్క సీసాతోనే కోటా దాటిపోయింది. మూడో తరగతి పిల్లకు ఈ కూడిక వచ్చు. బోర్డు చదివి క్యాంటీన్‌కు వెళ్లిన ఆ పిల్లకు ఇంకొకటి కూడా అర్థమవుతుంది: పెద్దవాళ్లు గోడ మీద ఒకటి రాస్తారు, బల్ల మీద ఒకటి అమ్ముతారు. మమ్మల్ని కలవరపెడుతున్నది చక్కెర కంటే ఎక్కువగా ఈ పాఠమే.

కొన్ని క్యాంటీన్లు మరీ తెలివిమీరాయి. చిప్స్ దండలు దించి ‘రాగి’, ‘మల్టీగ్రెయిన్’, ‘బేక్డ్’ అని రాసున్న ప్యాకెట్లు వేలాడదీశాయి. వాటిని ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. దినుసులను బరువును బట్టి ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. మొదటిది మైదా, రెండోది చక్కెర, మూడోది పామాయిల్ అయితే, ముందువైపు రాగి కంకి ఎంత పెద్దగా ఉన్నా అది మైదా బిస్కెట్టే. రాగి పేరు చెప్పి అమ్ముతున్నారు కాబట్టి దాని శాతం కూడా వేయాలి; ఆ అంకె చూస్తే సంగతి తేలిపోతుంది. చేర్చిన చక్కెర 100 గ్రాములకు 25 గ్రాములని ఉంటే, 60 గ్రాముల ప్యాకెట్ ఖాళీ చేసిన పిల్లాడు 15 గ్రాములు మింగినట్టు. ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ కూడా చక్కెర చుట్టాలే. పేరుకు ఎంత బలముందో, విరేచనాలప్పుడు తాగించే ఓఆర్‌ఎస్ గొడవలో చూశాం. తీపి పానీయాల డబ్బాల మీద ఆ మూడక్షరాలు ఉండకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, 2025 అక్టోబరులో గానీ వాటిని తీసేయమన్న ఆదేశం రాలేదు. ‘రాగి’ అనే మాటకు అంతపాటి కాపలా కూడా లేదు. బడి క్యాంటీన్‌లో దొరికిందంటే దానికి ముద్ర వేసింది బడే.

పోనీ బదులుగా ఏం పెట్టాలో తెలియదా? తెలియకేం. గుగ్గిళ్లు అనండి, గుడాలు అనండి, కిలో నల్ల శనగలు నానబోసి ఉడికిస్తే రెండు కిలోలకు పైనే అవుతాయి. చిన్న కప్పుకు 80 గ్రాముల చొప్పున పాతికమందికి వస్తాయి. ఎనిమిది గంటలు నానాలి. ఎండాకాలంలో మధ్యలో ఒకసారి నీళ్లు మార్చకపోతే నురగ కట్టి పులుస్తాయి. ఉప్పు వేసి కుక్కర్‌లో నాలుగైదు కూతలు చాలు. సోడా వేస్తే తోలు ఊడి ముద్దవుతాయి. అలసందలకైతే రెండు కూతలే ఎక్కువ. కిలోకు రెండు పెద్ద చెంచాల నూనెతో ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు పోపు. పొయ్యి దించాకే నిమ్మరసం, లేదంటే చేదెక్కుతుంది. అది రుచికే కాదు, శనగల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి కూడా. ‘పిల్లలు ముట్టరు’ అన్న ఫిర్యాదు మొదలయ్యేది ఇక్కడి నుంచి కాదు, ఆ తర్వాత జరిగే పొరపాటు నుంచి. వేడివేడిగా డబ్బాలో పోసి మూత బిగిస్తారు. ఆవిరి నీరై దిగుతుంది, జిగురొస్తుంది, పది గంటలకల్లా వాసన. వెడల్పాటి పళ్లెంలో పరిచి తడి ఆరాకే డబ్బాలో పోయాలి. పచ్చికొబ్బరి, ఉల్లిపాయ ముందే కలపకూడదు. ఈ మాట టిఫిన్ బాక్సు కట్టే ఇళ్లకూ వర్తిస్తుంది. నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలకు మాత్రం గుండు శనగలు, పల్లీలు వద్దే వద్దు. గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉంది. మెదిపి పెట్టాలి. ద్రాక్షపళ్లయితే నిలువుగా చీల్చి ఇవ్వాలి.

పల్లీ పట్టీకి వేయించి పొట్టు తీసిన పల్లీలు నాలుగు కప్పులైతే తరిగిన బెల్లం మూడు కప్పులు. పాకం చుక్క నీళ్లలో వేస్తే గట్టిపడి, విరిస్తే టక్కున విరగాలి. ఉండ పాకం దగ్గరే దించితే పళ్లకు అంటుకుంటుంది, ముదిరితే చేదు. చిన్న ముక్క ఒకటి చాలు. బెల్లం కూడా చక్కెరే, దానికి పుణ్యం ఏమీ అంటదు. రాగి జావకు గ్లాసుకు రెండు పెద్ద చెంచాల పిండి. ముందు చన్నీళ్లలో కలిపి తర్వాత మరిగే నీళ్లలో పోయాలి, నేరుగా వేస్తే ఉండలు కడుతుంది. అయిదారు నిమిషాలు కలుపుతూ ఉడికిస్తే పచ్చివాసన పోతుంది. మజ్జిగ చల్లారాకే కలపాలి, వేడిలో పోస్తే విరుగుతుంది. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందన్న మాట ఈ గ్లాసుకు నప్పుతుంది గానీ, మైదా బిస్కెట్టులో చిటికెడు రాగి పిండికి కాదు. ఇవేవీ కుదరని రోజున జామకాయ ఉంది. నారింజ కంటే నాలుగైదు రెట్లు సి విటమిన్. కడిగి, బెల్లుకు పది నిమిషాల ముందు కోస్తే సరి. కందగడ్డ (చిలగడదుంప) శివరాత్రికే తినాలని ఎవరూ చెప్పలేదు. నీళ్లలో ముంచకుండా తొక్కతో ఆవిరి మీద ఉడికిస్తే తీపి అందులోనే ఉంటుంది. బొరుగులు, పుట్నాలు, కొద్దిగా పల్లీలు కలిపితే పొయ్యి కూడా అక్కర్లేదు. అన్నట్టు, వీటిని గానీ సమోసాలను గానీ పాత పేపర్లో పెట్టి ఇవ్వకండి. 2018 ప్యాకేజింగ్ నిబంధనలు దాన్ని నిషేధించాయి. సిరా వేడి నూనెలో కరిగి తిండిలోకి దిగుతుంది. పత్రికగా మేమే చెబుతున్నాం, ఈ కాగితం చదవడానికే.

ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల మధ్యాహ్న భోజనంలో పల్లీ చిక్కీ, రాగి జావ చోటు సంపాదించుకున్నాయి. వాటి నాణ్యత మీద ఫిర్యాదులు వేరే సంగతి. పైసా ఫీజు లేని చోట జావ కాస్తుంటే, లక్షల్లో ఫీజు కట్టించుకునే చోట కుదరదంటే నమ్మేదెవరు? అడిగేవారు లేరు కాబట్టే ఈ ధైర్యం. బోర్డుల మీద నివేదికతో పాటు కొన్ని ఫొటోలు పంపమని సీబీఎస్‌ఈ అడిగింది. బడులు గోడను ఫొటో తీసి పంపాయి. క్యాంటీన్ బల్లను కూడా ఫొటో తీయమని ఉంటే ఎన్ని బడుల నుంచి జవాబు వచ్చేది? జిల్లా ఆహార భద్రతా అధికారులు హోటళ్ల వంటగదుల్లో బొద్దింకలను వెతికే ఉత్సాహంలో నాలుగోవంతు బడి గేట్ల వైపు మళ్లించినా చాలు. 50 మీటర్లు కొలవడానికి టేపు సరిపోతుంది, ప్రయోగశాల అక్కర్లేదు. తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల మీద గంటసేపు వాదించేవారు క్యాంటీన్ మెనూ ఒకసారి చేతిలోకి తీసుకుని చూశారా?

యాజమాన్యాలకు చెప్పాల్సింది ఎక్కువ లేదు. సోమవారం ఉదయం మొదటి బెల్లు కొట్టేలోగా ఆ ఫ్రిజ్‌ను ఇచ్చిన కంపెనీకి తిప్పి పంపండి. కాంట్రాక్టరు కాగితంలో ఏవి అమ్మకూడదో పేరుపేరునా రాయించండి. అది చేతకాదంటారా, గోడ మీది బోర్డు దించేయండి.