బైసన్ చిన్నగా ఉంటేనే బాగుంటుంది
అమెరికాలోని దక్షిణ డకోటాలో, గుట్టల ప్రాంతమైన బ్యాడ్‌ల్యాండ్స్‌లో బైసన్ (అడవిదున్న లాంటి పెద్ద జంతువు) ఫ్రేము నిండా ఉంటేనే ఫోటో అని ఎవరో రాశారు, అది మాత్రం నేను ఒప్పుకోను. అలాంటిది జూలో తీసినా ఒకటే. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ పెద్ద లెన్సుతో ముఖాలే తీశాను, ఇంటికొచ్చి చూసుకుంటే ఆ నేల ఎక్కడా లేదు! రెండోసారి సాయంత్రం, చుట్టూ ఉన్నదంతా పట్టే వైడ్ లెన్సు పెట్టాను. ఏడాదికి సుమారు 1 అంగుళం చొప్పున వానకి కోసుకుపోయే ఆ గుట్టల మీద ఎరుపు, పసుపు, బూడిద చారలు ఏటవాలు ఎండకి ఒక్కొక్కటిగా తేలి కనిపించాయి. మధ్యాహ్నం చూస్తే అవే గుట్టలు పాలిపోయి ఉంటాయి. కింద గడ్డిలో గోరంత బైసన్. ఫోటో పెద్దది చేసి చూస్తే, అది పొర్లాడిన దుమ్ము వీపు మీద ఇంకా అలాగే ఉంది.