గ్లైడర్‌కి ఏ రిమోట్ అయినా చాలా? చాలదు

కోనసీమలోనూ, భీమవరం చుట్టుపక్కలా ఆర్సీ గ్లైడర్లు (రిమోట్‌తో నడిపే గ్లైడర్లు) కొత్తగా మొదలుపెడుతున్న కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. దాని సారం ఇది: "గ్లైడర్‌కి ఇంజిన్ ఉండదు, కదిలేవి రెండే భాగాలు. అందుకని ఏ చవక రిమోట్ అయినా చాలు. ఇప్పుడన్నీ 2.4 గిగాహెర్ట్జే, ఏ రిసీవరైనా కలుస్తుంది. మనది చదును నేల, సిగ్నల్‌కి అడ్డేమీ ఉండదు. డబ్బంతా విమానం మీద పెట్టండి, రేడియో సంగతి తర్వాత చూసుకోవచ్చు."

ఇక్కడ రేడియో అంటే చేతిలో ఉండే రిమోటే, రిసీవర్ అంటే విమానంలో ఉండి దాని సిగ్నల్ అందుకునేది. వినడానికి పొదుపు సలహాలాగే ఉంది. దీన్ని నమ్మి కొన్నవాళ్లు మాత్రం రెండుసార్లు ఖర్చు పెట్టుకోవాల్సి వస్తుంది. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు చెబుతున్నాను.

"కదిలేవి రెండే భాగాలు"

ఇందులో సగం నిజముంది. రడ్డర్ (పక్కలకి తిప్పేది), ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ చేసేది) మాత్రమే ఉన్న గ్లైడర్ రెండు ఛానెళ్లతో హాయిగా ఎగురుతుంది. ఛానెల్ అంటే ఒక భాగాన్ని విడిగా నడిపే వీలు. నేర్చుకోవడానికి అలాంటిదే మంచిది కూడా. అయితే ముక్కుకి చిన్న మోటారు ఉన్నది కొంటే మూడో ఛానెల్ కావాలి. ఐలెరాన్లు (రెక్కల చివర్ల వైపు ఉండి విమానాన్ని పక్కకి వాల్చేవి) వస్తే నాలుగోది. పూర్తి స్థాయి గ్లైడర్‌లో రెండు ఐలెరాన్లు, రెండు ఫ్లాప్‌లు (రెక్కల లోపలి వైపు కిందికి వంగే పలకలు), ఎలివేటర్, రడ్డర్ కలిపి ఆరు ఛానెళ్లు, మోటారుతో ఏడు.

ఛానెళ్ల లెక్క కంటే పెద్ద విషయం మిక్సింగ్, అంటే ఒక్క స్టిక్‌తో చాలా భాగాలు కలిసి కదలడం. డెల్టాలో గ్లైడర్ ఎగరేయడానికి దొరికే జాగా ఎలాంటిదో ఒకసారి చూడండి. దాళ్వా కోతలయ్యాక కొయ్యకాళ్లతో ఎండిన చేలు దొరుకుతాయి. ఆ ఎండిన నేల మీద థర్మల్స్ (గ్లైడర్‌ని పైకి మోసే వేడి గాలులు) కూడా బాగా లేస్తాయి. కానీ చేనుకి ఒక పక్క పంట కాలువ, ఇంకో పక్క కొబ్బరి తోట. భీమవరం వైపైతే గట్టు దాటగానే రొయ్యల చెరువు. మంచి గ్లైడర్ నేలకి దగ్గరగా వచ్చాక కూడా ఓ పట్టాన దిగదు, తేలుతూ ముందుకి పోతూనే ఉంటుంది. ఇంజిన్ విమానమైతే పవర్ పెంచి ఇంకో చుట్టు తిప్పుకోవచ్చు. మోటారు లేని గ్లైడర్‌కి ఆ దారి లేదు. దిగే అవకాశం ఒక్కసారే.

అక్కడ ఆదుకునేది బటర్‌ఫ్లై బ్రేక్. ఫ్లాప్‌లు బాగా కిందికి దిగుతాయి, ఐలెరాన్లు కొంచెం పైకి లేస్తాయి. ముక్కు కిందికి పెట్టినా వేగం పెరగకుండా, కొబ్బరి చెట్ల మీదుగా వచ్చి చేను మధ్యలోనే దించవచ్చు. ఫ్లాప్‌లు దిగినప్పుడు చాలా గ్లైడర్లు ముక్కు పైకెత్తుతాయి, కాబట్టి అదే సమయంలో ఎలివేటర్ దానంతటదే కొంచెం కిందికి సర్దుకోవాలి. అంటే ఒక్క స్టిక్ లాగితే ఐదు సర్వోలు (ఈ భాగాలను కదిపే చిన్న మోటార్లు), ఒక్కోటి ఒక్కో కొలతతో కదలాలి. బొమ్మ డ్రోన్ రిమోట్‌కి ఇది సాధ్యం కాదు. చాలా బొమ్మ రిమోట్లలో సర్వో దిశ రివర్స్ చేసే వీలు కూడా ఉండదు.

ఇంజిన్ లేదు కాబట్టి రేడియో ఏదైనా చాలన్నది పూర్తిగా తలకిందుల వాదన. ఇంజిన్ లేదు కాబట్టే రేడియో మంచిది కావాలి.

"అన్నీ 2.4 గిగాహెర్ట్జే"

ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసు. పూర్వం బ్రిటన్‌లో 35, అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ మీద మోడల్ విమానాలు ఎగరేసేవారు. ఇద్దరు ఒకే ఫ్రీక్వెన్సీ మీద రేడియో ఆన్ చేస్తే విమానం కూలేది. 2.4 వచ్చాక ఆ టెన్షన్ పోయింది. అంతమాత్రాన ఏ రిసీవరైనా ఏ రేడియోతోనైనా కలుస్తుందని కాదు. ఒకే ఊళ్లో ఉన్నా ఒకరి భాష ఒకరికి రానివాళ్ల లాంటివి ఇవి. కంపెనీకో భాష: ఫ్లైస్కైది ఏఎఫ్‌హెచ్‌డీఎస్ 2ఏ, స్పెక్ట్రమ్‌ది డీఎస్ఎంఎక్స్, ఫుటాబాది ఎఫ్ఏఎస్ఎస్‌టీ, ఫ్రస్కైది ఏసీసీఎస్‌టీ, ఇప్పుడు ఓపెన్ సోర్స్‌లో ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్. ఒకదాని రిసీవర్ ఇంకొకదానితో బైండ్ అవదు, అంటే జతకట్టదు. నాలుగు రకాల చిప్‌లతో చాలా భాషలు మాట్లాడే మల్టీ ప్రోటోకాల్ రేడియో కొంటే వీటిలో చాలావాటితో కలుస్తుంది. ఒకే మోడల్ రేడియో ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్‌తో ఒకటి, మల్టీ ప్రోటోకాల్‌తో ఒకటి అమ్ముతారు. పెట్టె మీద ఏది రాసుందో చూసి తీసుకోండి.

"చదును నేల, అడ్డేమీ ఉండదు"

నేల చదునే. కానీ 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను నీళ్లు బాగా పీల్చేసుకుంటాయి. తడి ఆకులతో నిండిన కొబ్బరి తోట, అరటి తోట మధ్యలో ఉంటే సిగ్నల్ పడిపోతుంది. విమానం పైన ఉన్నంతసేపూ ఇబ్బంది రాదు, తోట వెనక కిందికి దిగినప్పుడే వస్తుంది. రిసీవర్ యాంటెన్నాలు రెండుంటే ఒకదానికొకటి లంబంగా (ఎల్ ఆకారంలో) పెట్టాలి, కార్బన్ ఫైబర్ బాడీ లోపల దాచకూడదు. రేడియో యాంటెన్నా కొసని విమానం వైపు గురిపెట్టకూడదు, ఎందుకంటే కొస దిక్కునే సిగ్నల్ బలహీనంగా ఉంటుంది.

దీనికి తోకగా "అయితే 915 మెగాహెర్ట్జ్ మాడ్యూల్ కొనండి, రేంజ్ ఎక్కువ" అనేవాళ్లూ ఉన్నారు. మన దేశంలో ఆ ఫ్రీక్వెన్సీ చుట్టుపక్కల లైసెన్సు లేకుండా వాడుకోదగ్గది 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకే. 915 మనది కాదు. ఎక్స్‌ప్రెస్ ఎల్ఆర్ఎస్‌లో 866కి ఇండియా సెట్టింగ్ వేరే ఉంది. అసలు గ్లైడర్‌ని కంటికి కనబడేంత దూరంలోనే ఎగరేయాలి. ఒకటిన్నర మీటర్ల రెక్కల విమానం అర కిలోమీటరు దాటితే ఎటు వాలుతోందో తెలియడమే కష్టం. దానికి 2.4 ధారాళంగా సరిపోతుంది.

రేంజ్ మీద పెట్టే డబ్బు వేరియో (ఎత్తులో మార్పుని కొలిచే పరికరం) మీద పెట్టండి. విమానం ఎక్కుతోందో దిగుతోందో రేడియో శబ్దంతో చెబుతుంది, ఎత్తు కూడా చెబుతుంది. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో ముందస్తు అనుమతి అక్కర్లేని ఎత్తు 400 అడుగుల వరకే. రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల లోపల ఇంకా కట్టుదిట్టం. మంచి థర్మల్ దొరికితే 400 అడుగులు ఎప్పుడు దాటామో కంటితో చెప్పలేం.

"రేడియో తర్వాత చూసుకోవచ్చు"

విరిగేది విమానం, మిగిలేది రేడియో. ఫోమ్ గ్లైడర్‌ని అతికించుకుంటూ నేర్చుకుంటాం, ఏడాది తిరిగేసరికి ఇంకోటి కొంటాం. రేడియో మారిస్తే మాత్రం ప్రతి విమానంలో రిసీవర్ మారాలి, సెట్టింగులన్నీ మొదటి నుంచీ చేసుకోవాలి. చేతి అలవాటు సంగతీ ఉంది. ఎలివేటర్ కుడి స్టిక్ మీద ఉంటే మోడ్ 2, ఎడమ మీద ఉంటే మోడ్ 1. మీకు దగ్గరలో నేర్పే అన్నయ్య ఏ మోడ్ వాడుతుంటే అదే తీసుకోండి, అవసరమైతే ఆయన మీ రేడియో అందుకుని విమానాన్ని కాపాడగలుగుతాడు.

ఖరీదైనదే కొనమని నేను అనడం లేదు. చేతిలో డబ్బు తక్కువైతే ఫ్లైస్కై ఎఫ్ఎస్ ఐ6 మొదటి రెండు మూడు విమానాలకి సరిపోతుంది. ఆరు ఛానెళ్లు, ఇరవై మోడళ్ల మెమరీ ఉన్నాయి. మిక్స్‌లు మూడే కావడం దాని పరిమితి. ఇంకొంచెం పెట్టగలిగితే ఎడ్జ్ టీఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ నడిచే రేడియో, రేడియోమాస్టర్ పాకెట్ లాంటిది తీసుకోండి. బటర్‌ఫ్లై, ఫ్లైట్ మోడ్‌లు (ఎగిరే తీరుని బట్టి మార్చుకునే సెట్టింగులు), మాట్లాడే వేరియో అన్నీ వస్తాయి. ముసురు పట్టి చేలల్లో నీళ్లు నిలిచిన నెలల్లో యూఎస్‌బీ కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి పికాసిమ్ అనే సిమ్యులేటర్‌లో ఉచితంగా సాధన చేసుకోవచ్చు.

ఏ రేడియో కొన్నా మొదట సెట్ చేయాల్సింది ఫెయిల్‌సేఫ్. సిగ్నల్ పోతే మోటారు ఆగిపోవాలి, బ్రేకులుంటే తెరుచుకోవాలి, రడ్డర్ కొంచెం ఒక పక్కకి తిరగాలి. అప్పుడు గ్లైడర్ మధ్యాహ్నం సముద్రపు గాలికి కొట్టుకుపోకుండా చుట్లు తిరుగుతూ దగ్గర్లోనే దిగుతుంది. సెట్ చేశాక ప్రొపెల్లర్ తీసి, నేల మీదే రేడియో ఆపి చూడండి. తర్వాత రేంజ్ చెక్ మోడ్‌లో (సిగ్నల్ బలాన్ని కావాలని తగ్గించే మోడ్) 30 మీటర్ల దూరం నడిచి, సర్వోలన్నీ తడబడకుండా కదులుతున్నాయో లేదో ఇంకొకరిని విమానం దగ్గర నిలబెట్టి చూడమనండి.