పైకి ఎక్కనివ్వని యాత్ర ఎందుకండీ?

కోపం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేయాలి.

మా పిన్ని హైదరాబాదు నుంచి పంచారామాల బస్సులో వచ్చింది. కార్తీక సోమవారం, ఒక్క రోజులో ఐదు శివక్షేత్రాలు అనే ప్యాకేజీ. ఆఖరిది సామర్లకోట కదా, అక్కడ కలుద్దామని నేను ముందే వెళ్ళాను. కింద దర్శనం అయ్యాక పిన్ని చెయ్యి పట్టుకుని మెట్ల వైపు తీసుకెళ్తుంటే టూరు కుర్రాడు అడ్డం వచ్చేశాడు. "పైన కూడా అదే శివుడండి. కింద చూసేశారుగా, టైము లేదు, బస్సెక్కేయండి" అన్నాడు.

పైన కూడా అదే శివుడా? కింద చూసింది పాదభాగమయ్యా! పద్నాలుగు అడుగుల లింగం అది. కింద గర్భగుడిలో నించుంటే తెల్లటి రాయి నేలలోంచి లేచి, పైకప్పులోకి దూరి కనపడకుండా పోతుంది. ఆ పైన ఏముందో చూడాలంటే మెట్లెక్కాలి. ఎన్ని వందల ఏళ్ళుగా ఎంతమంది తొక్కారో, ఆ రాతి మెట్లు నడిమధ్యన నున్నగా అరిగిపోయి ఉంటాయి. గోడ మీద చెయ్యి వేస్తే చల్లగా తగులుతుంది. తల వంచి లోపలికి వెళ్తే, నేలలోంచి పైకి వచ్చిన శిరస్సు ఎదురుగా, మారేడు దళాలతో. అభిషేకం జరిగేది అక్కడే. పెరిగిపోతుంటే నెత్తిన మేకు కొట్టి ఆపారని మా అమ్మమ్మ చెప్పిన కథ కూడా ఆ పై గదిలోనే గుర్తుకొస్తుంది, కింద కాదు.

చాళుక్య భీముడు కట్టించిన గుడి. 892లో పట్టానికి వచ్చిన రాజు. ఈ గుడీ, ద్రాక్షారామం గుడీ కవలల్లా ఉంటాయి, రెండూ రెండంతస్తులే. అంత పొడవు రాతిని నిలబెట్టి, దాని చుట్టూ ఇంకో అంతస్తు లేపడం ఆ రోజుల్లో ఆషామాషీ పనా? వెయ్యేళ్ళ పైబడి నిలిచిన పై అంతస్తుకి పది నిమిషాలు ఇవ్వలేరా?

పోనీ మిగతా చోట్లయినా చూపించాడా అని అడిగాను. ద్రాక్షారామంలో కిందే. గర్భగుడి చుట్టూ ఉన్న ఆ చీకటి దారి కూడా తిప్పలేదట. భీమవరం గునుపూడిలో సోమేశ్వరుడి పైన అన్నపూర్ణమ్మ ఉంటుంది కదే, చూశావా అంటే, "పైన అమ్మవారు కూడా ఉందా?" అంది మా పిన్ని. నాకు కడుపు రగిలిపోయింది. మోకాళ్ళ నొప్పులతో, ఉపవాసంతో, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చిన మనిషికి అమ్మవారు ఉందన్న మాట కూడా చెప్పకుండా గుమ్మం దాకా తీసుకొచ్చి వెనక్కి తిప్పేశారు. పాలకొల్లు పెద్దగోపురం ముందు మాత్రం ఫొటోలకి టైము ఉందట. తొమ్మిది అంతస్తులు, నూట ఇరవై అడుగులు, ఫొటోలో బాగా వస్తుంది కదా మరి.

అసలు ఆ కుర్రాణ్ణి అని ఏం లాభం, మనవాళ్ళు మాత్రం తక్కువా? బంధువులు వస్తే ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజా, దిండిలో పడవ. అంతే, గోదావరి అయిపోయింది. ద్రాక్షారామం మీదుగా వెళ్తూ కూడా "గుడేగా, ఇంకోసారి చూద్దాం" అంటారు మా బావగారు, ప్రతిసారీ. ఆ గోడల నిండా శాసనాలు ఉన్నాయి బావగారూ, మన తాతల తాతలు దీపాలకి ఏం ఇచ్చారో రాయించి పెట్టారు అంటే, ఆకలేస్తోంది పద అంటారు. తిండి మాకూ ఇష్టమే. కానీ మా ప్రాంతమంటే పొట్ట, వెటకారం, "ఆయ్" తప్ప ఇంకేమీ లేనట్టు సినిమాలోళ్ళు చూపిస్తారు, రీల్స్ వాళ్ళు చూపిస్తారు, చివరికి మనమూ అలాగే చూపిస్తున్నాం.

మా బడిలో ఎక్స్‌కర్షన్ అంటే హైదరాబాదే. చార్మినార్ ఎత్తు ఎంతో బట్టీ పట్టించారు. ఊరి పక్కనే రెండంతస్తుల గుడి ఉందని ఒక్క మాస్టారూ చెప్పలేదు. నేను పెద్దయ్యాక, అదీ మా అమ్మమ్మ వెంట వెళ్ళి ఎక్కాను.

టూరు నడిపేవాళ్ళకి ఒకటే అడుగుతున్నాను. ఐదు చూపిస్తామని రాయకండి. మూడే చూపించండి, పైదాకా చూపించండి. ఎక్కలేని పెద్దవాళ్ళుంటే పైన ఏముందో నోటితోనైనా చెప్పండి. దర్శనానికి వచ్చేవాళ్ళు కూడా బస్సు హారన్‌కి భయపడకండి. సామర్లకోట రైల్వే జంక్షన్, బస్సు వదిలేసి పోతే రైలుంది. ముందు మెట్లెక్కండి.