రోహిణి కార్తెకు తోడుగా ఒక పెల్టియర్ బిళ్ల

బెజవాడ ఎండల మీద ఫిర్యాదులే తప్ప, ఆ ఎండ సరిగ్గా వినియోగమవుతోందా అని అడిగిన నాథుడు లేడు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఇప్పుడు ఇళ్లలో రోళ్లెక్కడివి? పగలడానికేమీ దొరక్క అంత వేడీ వీధిలోనే వృథా అవుతోంది, ఇళ్ల లోపల మాత్రం తీరని కొరత. ఆ కొరత తీర్చే బాధ్యతను కొందరు యువకులు స్వచ్ఛందంగా నెత్తికెత్తుకున్నారు. కంప్యూటరు ప్రాసెసర్‌ను చల్లబరుస్తున్నామన్న వంకతో పెల్టియర్ బిళ్లలు కొని, గదికి వేడి సరఫరా చేస్తున్నారు. ఈ సేవకు కరెంటు దగ్గర అంతరాయం కలగకూడదనే ఈ సూచనలు.

బిళ్ల చూడ్డానికి చిన్నదే. 40 మిల్లీమీటర్ల చదరం, నాలుగు మిల్లీమీటర్లకు కాస్త తక్కువ మందం, రెండు తెల్లటి పింగాణీ పలకల మధ్య బిస్మత్ టెల్యురైడ్ అనే అర్ధవాహకపు గింజలు. కరెంటు పారితే ఒక ముఖం చల్లబడుతుంది, రెండోది కాలుతుంది. పెల్టియర్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ సంగతి 1834లో గమనించాడు. 1838లో లెంజ్ అనే మరో శాస్త్రవేత్త ఇదే కిటుకుతో నీటి బొట్టును గడ్డకట్టించి, కరెంటు దిశ మార్చి మళ్లీ కరిగించాడు. తీగలు తారుమారైతే ఏమవుతుందో అప్పటి నుంచీ లోకానికి తెలుసు. అయినా ఎరుపూ నలుపూ తిప్పి తగిలించి ప్రాసెసర్‌ను వేపుడు చేసేవాళ్లు నేటికీ ఉన్నారు.

అందరూ కొనేది టీఈసీ1-12706 అనే రకం బిళ్ల. పేరులోనే దాని జాతకమంతా ఉంది: 127 జతల గింజలు, గరిష్ఠంగా 6 ఆంపియర్లు. అమ్మేవారు పక్కపక్కనే రెండు అంకెలు వేస్తారు. యాభై పైచిలుకు వాట్ల వేడి లాగుతుంది, రెండు ముఖాల మధ్య 66 డిగ్రీల తేడా తెస్తుంది. పెళ్లిళ్ల పేరయ్య చెప్పే జీతమూ ఆస్తీ లాగా రెండూ నిజమే, కానీ రెండూ ఒకే రోజు నిజం కావు. 66 డిగ్రీల తేడా వచ్చేది లాగాల్సిన వేడి సున్నా అయినప్పుడు. ఆ వాట్లన్నీ లాగేది రెండు ముఖాల మధ్య తేడా సున్నా అయినప్పుడు. వీడియోల్లో బిళ్ల మీద మంచు పేరుకోవడం చూసి మురిసిపోయేవారు, దాని కింద ప్రాసెసర్ లేదన్న చిన్న విషయాన్ని పెద్ద మనసుతో క్షమించేస్తారు.

ఇక లెక్కలోకి వద్దాం. ఇంటెల్ ప్రాసెసర్ కోర్ ఐ5-12400 పెట్టె మీద 65 వాట్లంటారు, వేగం పెంచుకునే టర్బోలో 117 దాకా పోతుంది. రెండు ముఖాల మధ్య 20 డిగ్రీల తేడా చాలనుకుందాం. 12 వోల్టులు నేరుగా ఇచ్చిన ఒక 12706 సుమారు 42 వాట్లు లాగుతుంది, అందుకు తాను 66 వాట్లు తింటుంది. అంటే మూడు బిళ్లలు కావాలి. వాటి తిండి 200 వాట్ల దాకా, అవతలి ముఖం నుంచి ఊడ్చేయాల్సిన వేడి 315 వాట్ల పైన. ప్రాసెసర్ ఒక్కటే ఉంటే గదికి అందేది 117 వాట్లే. అదనంగా వచ్చిన రెండు వందల వాట్లూ మనోళ్ల సొంత కృషి.

ఇక్కడే ఒక ద్రోహాన్ని బయటపెట్టాలి. బిళ్లల్ని రెండేసి చొప్పున సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా కలిపి, అదే 12 వోల్టులు ఇస్తే ఒక్కోదానికి 6 వోల్టులే అందుతాయి. అప్పుడు ఒక జత ఆ 42 వాట్లనే లాగి, తిండి మాత్రం 30 వాట్లతో సరిపెట్టుకుంటుంది. కారణం తెలిసిందే: బిళ్లకు సుమారు 2 ఓములు నిరోధకత ఉంటుంది, దానిలో పుట్టే వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది, లాగే వేడి మాత్రం కరెంటుతో సమానంగానే పెరుగుతుంది. మూడు జతలకు కలిపి 90 వాట్లు చాలు. ఇలాంటి పొదుపు మన ఉద్యమానికి గొడ్డలిపెట్టు కాబట్టి ఎవరికీ చెప్పకండి. ఆరు బిళ్లలు ప్రాసెసర్ నెత్తి మీద పట్టవు, మధ్యలో నీళ్లు తిరిగే రాగి బ్లాకు కావాలని మాత్రం చెప్పండి. సగం మంది అక్కడే ఆగిపోతారు.

కరెంటు ఎక్కడి నుంచి? కంప్యూటరులో హార్డ్ డిస్కుకు కరెంటిచ్చే, చేతికందే సాటా కనెక్టరు నుంచి తీసుకోవడం ఆచారం. అది 12 వోల్టుల మీద మోయగలిగింది నాలుగున్నర ఆంపియర్లు, 54 వాట్లు. బిళ్ల 66 అడుగుతుంది. ప్లాస్టిక్ కరిగిన వాసనను ఉద్యమ విజయ సూచనగా భావించవచ్చు. మరికొందరు ‘12 వోల్టులు, 5 ఆంపియర్లు’ అని రాసిన అడాప్టరు తెస్తారు. చల్లగా ఉన్న బిళ్ల మొదటి క్షణంలో 6 ఆంపియర్లు లాగబోతుంది, అడాప్టరు భయపడి ఆగిపోతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ ఆగుతుంది. దాని లైటు టపటపా కొట్టుకుంటుంటే బిళ్ల పాడైందని ఇంకోటి కొంటారు.

పద్ధతి ప్రకారం చేయాలనుకునేవారు సీసీ కెమెరాలకూ ఎల్ఈడీ బోర్డులకూ వాడే ఇనప డబ్బా ఎస్ఎంపీఎస్, అంటే ఇంటి కరెంటును 12 వోల్టులుగా మార్చే పెట్టె తీసుకోవాలి. మూడు బిళ్లలకు మొదట్లో 18 ఆంపియర్లు పడతాయి కనుక 30 ఆంపియర్లది. డబ్బాకు ఎర్తు తప్పనిసరి, ఒక్కో బిళ్లకు విడిగా ఫ్యూజు. మే నెలలో దాన్ని క్యాబినెట్ వెనక ఇరికిస్తే చుట్టూ 50 డిగ్రీలు దాటుతుంది, రాసి ఉన్నంత లోడు అది మోయదు.

చలువ తగ్గించాలంటే వోల్టేజీ తగ్గించాలి, అంటే బక్ కన్వర్టరు. చాలామంది మోటారు స్పీడు తగ్గించే చౌక పీడబ్ల్యూఎం బోర్డు పెడతారు. సగం సేపు 12 వోల్టులు, సగం సేపు సున్నా. చలువ సగమవుతుంది, కానీ ఖర్చు 33 వాట్లు. నిలకడగా 6 వోల్టులిస్తే అంతే చలువకు 15 చాలు. రిలేతో (కరెంటుతో పనిచేసే స్విచ్చితో) ఆన్, ఆఫ్ చేసే థర్మోస్టాట్ ఇంకా ఘనమైనది. ఆపినప్పుడల్లా వేడి ముఖం నుంచి వేడి వెనక్కి ప్రాసెసర్ మీదికి పారుతుంది, ఆ సాగుడుకీ ముడుచుకోవడానికీ లోపలి సోల్డరు క్రమంగా చిట్లుతుంది. వేడిని గాలిలోకి వదిలే హీట్ సింకు బిగించకుండా ‘ఒక్కసారి చూద్దాం’ అని కరెంటిస్తే అంత ఆలస్యం కూడా ఉండదు. చాలా బిళ్లల్లో సోల్డరు 138 డిగ్రీలకే కరుగుతుంది.

కంప్యూటరు ఇన్వర్టరు మీదా, బిళ్ల మామూలు లైను మీదా ఉన్న ఇంట్లో కరెంటు పోతే మరో వైభవం. పనిచేయని బిళ్ల ప్రాసెసర్‌కు కప్పిన దుప్పటి. కంప్యూటరు 12 వోల్టులతో లేచే రిలే ఒకటి పెట్టి, ఎస్ఎంపీఎస్‌ను దానితో కలిపితే రెండూ కలిసి లేస్తాయి. కానీ కలిసి పోవాలంటే రెండూ ఒకే లైను మీద ఉండాలి.

ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన ఉక్కపోతది వేరే లెక్క. 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉన్న గాలికి మంచు బిందువు, అంటే గాలిలోని తేమ నీళ్లుగా మారే ఉష్ణోగ్రత, 27 డిగ్రీలు. పలక అంతకన్నా చల్లబడితే చెమట పోస్తుంది, ఆ చెమట ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌లోకి దిగుతుంది. చుట్టూ నియోప్రీన్ ఫోము, సాకెట్‌లో సిలికాన్ గ్రీజు అందుకే. 2020లో ఇంటెల్ క్రయో కూలింగ్ పేరుతో తెచ్చిన పద్ధతిలో తేమను కొలిచి, పలకను మంచు బిందువు కిందికి దిగనీయకుండా చూసే ఏర్పాటుంది. తర్వాత ఇంటెలే దాన్ని ఆపేసింది.

రోజుకు ఎనిమిది గంటలు, 200 వాట్లు: నెలకు 48 యూనిట్లు. 225 యూనిట్లు దాటిన శ్లాబులో యూనిట్ 8.75 చొప్పున 420 రూపాయలు. ఇబ్రహీంపట్నంలో వీటీపీఎస్ విద్యుత్ కేంద్రం బొగ్గు మండించి వేడిని కరెంటుగా మారుస్తుంది, మనం ఆ కరెంటును శ్రద్ధగా మళ్లీ వేడిగా మార్చి వారి శ్రమకు న్యాయం చేస్తాం. గదిలో ఏసీ ఉంటే అది ఆ వేడిని బయటి యూనిట్‌కు తోస్తుంది. సత్యనారాయణపురం సందుల్లో ఆ యూనిట్ ఎదురుగా ఉండేది సాధారణంగా పక్కింటివారి వంటింటి కిటికీ. వాళ్లు అడగడానికి వస్తే, వాళ్లబ్బాయి కంప్యూటరుకూ ఒక బిళ్ల కొనిపెట్టడం ఇరుగుపొరుగు మర్యాద.